గడప దాటని మాట

భార్య మైకు అందుకోగానే కోచ్ గుండె గుభేలుమంది.

చెప్పదులే అనుకున్నాడు. మాట ఇచ్చింది కదా.

ఆ పొద్దున గోల్ఫ్ క్లబ్బు పచ్చిక మీద ఎటు చూసినా గులాబీ రంగే. జెండాలు గులాబీ, టోపీలు గులాబీ, ఆఖరికి బంతులు కూడా. రొమ్ము క్యాన్సర్ రోగుల వైద్యం కోసం విరాళాల పోటీ. క్లబ్బు ఆఫీసులో పనిచేసే ఆయన భార్యే కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగి దీన్ని నిలబెట్టింది.

తలపెట్టిన రోజే కోచ్ వద్దన్నాడు.

"ఎవరో ఒకరు అడుగుతారు, నీకెందుకమ్మా ఇంత పట్టుదల అని. అప్పుడేం చెప్తావు?"

"ఏదో ఒకటి చెప్తానండీ. నన్ను చెయ్యనివ్వండి. చేతులు ముడుచుకుని కూర్చుంటే పిచ్చెక్కుతోంది."

"ఆ మాట గడప దాటకూడదు."

"దాటదు. కన్నకూతురికే చెప్పలేదు, ఊరికి చెప్తానా?"

ఆసుపత్రి వరండా ఇంకా ఆయన కళ్ళలోంచి పోలేదు. బెంచీల నిండా ఆడవాళ్ళే. నర్సు ఇంటిపేరు పిలిచి నేరుగా భార్య వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి లేచారు. ఆ తర్వాత ఆపరేషన్ గది తలుపు దగ్గర వేళ్ళు విడిపించుకోవడం. అన్నేళ్ళ కాపురంలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు. మళ్ళీ చూస్తామో లేదో అన్నట్టు చూసుకున్నారు ఒకరినొకరు.

ఇంటికొచ్చాక ఆయన అడిగింది ఒక్కటే. నలుగురి నోళ్ళలో నానడం తనకిష్టం లేదన్నాడు. ఆమె చేతిలో చెయ్యి వేసింది.

అప్పట్నుంచీ కోచ్ క్లబ్బులో స్నానం మానేశాడు. ఆట అయిపోవడం ఆలస్యం, చెమట చొక్కాతోనే ఇంటికి. గడ్డి కోసే యంత్రం నడిపే మేస్త్రి ఊరుకునేవాడు కాదు.

"ఏంటి గురూ, కొత్త పెళ్ళికొడుకులా ఆ పరుగు? బంతి కూడా ఈ మధ్య చెరువు దాటడం లేదు. మనసు ఇంటి దగ్గర పెట్టొచ్చి కొడితే ఎక్కడ దాటుతుందిలే."

కోచ్ నవ్వేసేవాడు.

ఇవాళ పోటీ మొదలయ్యే ముందు ప్రెసిడెంటు గారు తన గులాబీ టోపీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, మైకులో హాస్యమాడారు.

"ఆడవాళ్ళ జబ్బు కోసమని మగాళ్ళందరికీ ఆడవాళ్ళ టోపీలు పెట్టించిందండీ ఈవిడ. ఊరుకుంటే వచ్చే ఏడు గాజులు కూడా తొడిగిస్తుంది."

మగాళ్ళంతా గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది కోచ్.

ఆమె అది చూసింది. చూసి, చెయ్యి చాచి మైకు తీసుకుంది.

"నవ్వండి, ఫర్వాలేదు." మైకు ఇంకా దగ్గరకు లాక్కుంది. "ఈ జబ్బు మా ఇంటికి కూడా వచ్చింది. ఆరు నెలల కిందట."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ప్రెసిడెంటు గారి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

కోచ్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. అయిపోయింది. ఇన్నేళ్ళు పక్కన నడిచిన మనిషి, చేతిలో చెయ్యి వేసిన మనిషి, ఇంటి గుట్టు తెచ్చి ఇంతమంది ముందు కుమ్మరించింది. పరాయివాడు పొడవడానికి వస్తే కాచుకోవచ్చు. పక్కలో పడుకునే మనిషికి వెన్ను ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది.

డెంటిస్టు గారావిడ పరుగున వచ్చి ఆమెను కావలించుకుంది.

"పిచ్చిదానా, ఇంత బాధ కడుపులో పెట్టుకుని ఎలా తిరిగావే? ఇప్పుడెలా ఉంది ఒంట్లో?"

ఆమె మొగుడి వైపు చూసింది. ఏమైనా అంటాడేమోనన్నట్టు ఆగింది. ఆయన తల తిప్పుకున్నాడు.

"బాగానే ఉందండీ," అంది.

ఇక ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ మూగారు. ఒకావిడ కళ్ళొత్తుకుంటూ కుర్చీ తెచ్చింది. ఇంకొకావిడ నీళ్ళు తాగించింది. మొదటి బంతి నువ్వే కొట్టాలన్నారు.

మేస్త్రి వచ్చి కోచ్ చెయ్యి పట్టుకున్నాడు.

"తెలియక ఏదేదో వాగాను గురూ. మనసులో పెట్టుకోకు. ఆ పరుగు వదినమ్మ కోసమని నాకేం తెలుసు? బంగారంలాంటి మొగుడివి."

కోచ్ చెయ్యి విడిపించుకున్నాడు.

గోల్ఫ్ కర్ర పట్టడం ఆమెకు చేతకాదు. నేర్పాల్సింది ఆయనే. వెళ్ళి వెనక నిలబడి, కర్ర చుట్టూ ఆమె వేళ్ళు సర్దాడు. ఆసుపత్రి తలుపు దగ్గర వదల్లేక వదిలిన వేళ్ళే అవి. ఇప్పుడు ముట్టుకోవాలంటే ఒళ్ళు మండిపోతోంది.

"మాట తప్పావు," అన్నాడు పళ్ళ బిగువున.

"తప్పి ఉంటే మీరిక్కడ ఇలా నిలబడేవారా?" అంది ఆమె, బంతి మీద నుంచి చూపు తిప్పకుండా.

బంతి నాలుగడుగులు దొర్లి గడ్డిలో ఆగిపోయింది. అయినా మైదానం మైదానమంతా లేచి నిలబడింది.

అందరితో పాటు చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టబోయిన కోచ్‌కి, ఆరు నెలల కిందట డాక్టర్లు తన ఎడమ రొమ్ము తీసేసిన చోట, చొక్కా కింద, కుట్ల గాటు చురుక్కుమంది.