ఆకు కింద గుడ్లు

మొక్కజొన్న ఆకు తిరగేసి చూసిన బసవయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆకు అడుగున తపాలా బిళ్లంత అట్టముక్క. ఎవరో పిన్ను కొట్టి మరీ తగిలించారు. దాని నిండా గసగసాలు చల్లినట్టు గుడ్లు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు. సందేహం లేదు, పురుగు గుడ్లే.

పక్క సాలులో ఇంకొకటి. నాలుగు సాళ్ల అవతల మరొకటి.

కత్తెర పురుగు అప్పటికే ఆయన చేలో సగం మొవ్వుల్ని తినేసింది. ఆకులు జల్లెడలైపోయాయి. మూడుసార్లు మందు కొట్టించాడు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ పుట్టుకొస్తోంది. ఎందుకు పుట్టుకొస్తోందో ఇప్పుడు తెలిసింది. ఎవడో పనిగట్టుకుని పుట్టిస్తున్నాడు!

వరి తుఫానుకి పోయింది. ఇది కూడా పోతే ఈ మూడెకరాలూ చేపల చెరువుల వాళ్లకి అప్పగించడం తప్ప దారి లేదు.

అట్టముక్కలన్నీ పీకి, గట్టు మీద ఎండుగడ్డి వేసి తగలబెట్టాడు. పురుగు గుడ్డు దొరికితే బతకనివ్వకూడదని నలభై ఏళ్ల సేద్యం ఆయనకి నేర్పింది.

వారం తిరక్కుండానే మళ్లీ ప్రత్యక్షం. మళ్లీ తగలబెట్టాడు.

ఎవరి పనో చెప్పడానికి పంచాంగం చూడక్కర్లేదు. పక్క చేను కౌలుకి చేస్తున్న సొలొమోను. డిసెంబరులో కాలవ నీళ్ల దగ్గర ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నంత పని చేశారు. అప్పట్నుంచీ మాటల్లేవు.

పైగా వాడి చేను చూడండి! ఆకుకి చిల్లు లేదు. ఏపుగా, పచ్చగా నిలబడింది. ఒకటే విత్తనం, ఒకటే కాలవ, మధ్యలో మూరెడు గట్టు. పురుగుకేమైనా కులగోత్రాలు తెలుసా, సరిగ్గా గట్టు ఇవతలే ఆగిపోవడానికి? ఒళ్లు మండదూ మరి!

గురువారం పొద్దున్నే బసవయ్య చేలో నక్కి కూర్చున్నాడు. తొమ్మిదింటికి సొలొమోను వచ్చాడు. చేతిలో స్టాప్లరు, జేబులో అట్టముక్కలు. అటూ ఇటూ చూసి, గట్టు దిగి, బసవయ్య చేలో మొదటి ఆకు తిరగేశాడు.

"దొరికావురా దొంగా!"

"వినండి బసవయ్య గారూ..."

వినే ఓపిక ఎవరికుంది? సొలొమోను చెంప ఛెళ్లుమంది.

"నోటికాడ కూడు తీస్తావుట్రా? కాసిని నీళ్ల కోసం ఇంత కక్షా? నా చేలో పురుగుని మేపుతావా?"

సొలొమోను చెంప తడుముకున్నాడు. అతని కళ్లూ ఎర్రబడ్డాయి.

"మీతో చెప్తే నన్ను మీ గట్టు తొక్కనిస్తారా అసలు? పదండి, సింధూరి గారి దగ్గరే తేల్చుకుందాం!"

"పదరా! ఆ పిల్ల ముందే నీ బండారం బయటపెడతా. అట్నుంచటే పోలీస్ స్టేషను."

సింధూరి ఆ ఊరికి వ్యవసాయ సహాయకురాలు. రోజూ చల్లపల్లి నుంచి స్కూటీ మీద వస్తుంది. ఇంకా హెల్మెట్ అయినా తియ్యలేదు, బసవయ్య అట్టముక్కలు తెచ్చి ఆమె బల్ల మీద విసిరికొట్టాడు.

"చూడమ్మా! పురుగు గుడ్లు అట్టలకి అంటించి తెచ్చి నా చేలో తగిలిస్తున్నాడు. నేను కాబట్టి కనిపెట్టాను. రెండుసార్లు కాల్చి బూడిద చేశాను."

"అన్నీ కాల్చేశారా?"

"అన్నీ! ఒక్క గుడ్డు పిల్లయ్యుంటే ఒట్టు."

సింధూరి ఒక అట్టముక్క తీసి వెలుతురుకి పెట్టి చూసింది. ఆమె ముఖం జేవురించింది. సొలొమోను వైపు తిరిగింది.

ఇప్పుడు పడతాయి వాడికి అక్షింతలు, అనుకున్నాడు బసవయ్య.

"కత్తెర పురుగు గుడ్లని నాశనం చేసే మంచి పురుగులివి, మీ చేను కాపాడుకోమని మీకిస్తే, అందులో సగం తెచ్చి ఈయన చేలో పెడుతున్నారా సొలొమోను గారూ?"