సూదికి అడ్డం

"అక్కా, సూది వేల్లో దిగింది!"

బుజ్జి కేక పెట్టేసరికి కుట్టు హాల్లో మిషన్లన్నీ టక్కున ఆగిపోయాయి. వాళ్ళ లైన్ లీడరక్క ఒక్క ఉరుకున వెళ్ళి ఆ వేలికి గుడ్డ చుట్టి గట్టిగా పట్టుకుంది.

"సూదికి అడ్డంగా గార్డు ఉండాలి కదే! ఏదీ?"

"తీసేశా."

"ఎవరు తియ్యమన్నారే నిన్ను?"

"ఎవరూ అన్లేదక్కా. నువ్వు తీసేశావుగా! మన లైనంతా తీసేశాం."

గార్డుంటే కుట్టు కనపడట్లేదని లీడరక్క అందరికీ చెప్పింది గానీ, శుభ్రంగా కనపడేది. ఎదుటి లైన్ లీడర్, అదే అందరూ 'కళ్ళజోడు' అనే ఆవిడ, గార్డుని అందరికంటే ముందు బిగించుకుంది, అదీ అసలు మంట! ఆవిడ ఎడ్డెమంటే తను తెడ్డెమనాలి కదా మరి.

ఈలోపు ఆ కళ్ళజోడే మందుల డబ్బాతో పరిగెత్తుకొచ్చి బుజ్జికి కట్టు కట్టింది. ఇప్పుడు నలుగురిలో కడిగేస్తుందని లీడరక్క బిగుసుకుపోయింది. ఆవిడ ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

సూపర్‌వైజర్ బుజ్జిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. లైన్లో ఎవరూ కదల్లేదు, లీడరక్క మొహమే చూస్తున్నారు.

"వదినా," అంది లీడరక్క కళ్ళజోడుతో, "నీ స్క్రూడ్రైవర్ ఒకసారి ఇస్తావా?"

కళ్ళజోడు ఇచ్చింది. లీడరక్క తన గార్డు బిగించుకుంటుంటే వెనక టకటకా డ్రాయర్లు తెరుచుకున్నాయి. లైనంతా గార్డులు బయటికి తీస్తోంది.

బుజ్జి రక్తం చూసి కూడా కదలని వాళ్ళు!

ఎందుకక్కా అని ఈసారీ ఒక్కరూ అడగలేదు. లీడరక్క తలెత్తలేకపోయింది.