పక్కన పరిగెత్తినవాడు

"వెండెల్ కంటే నేనే వేగం కదా కోచ్! శనివారం బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా వాణ్నెందుకు దింపుతున్నారు?" అడిగాడు బ్రోడీ.

కోచ్ హార్లన్ కిందటి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ వీడియో పెట్టాడు. తెరమీద బ్రోడీ బంతితో ముగ్గుర్ని దాటేశాడు.

"పరుగులో నీ ముందు వాడు తాబేలేరా. కానీ నీ బంతి అందుకోవాల్సిన కర్టిస్‌ని చూడు. నువ్వు బంతి విసురుతావేమోనని పక్కనే వస్తున్నాడు."

కర్టిస్ చేతులు చాచి పరిగెడుతున్నాడు.

ఆఖరి పరుగులో అవతలి జట్టువాళ్ళు నలుగురు మీదపడి బ్రోడీని కూల్చేశారు. కర్టిస్ ఎక్కడో వెనక, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"చూశారా? నాతో ఒక్కడూ రాలేదు!"

"వెండెల్‌తో అయితే కర్టిస్ చివరిదాకా వస్తాడు."

బ్రోడీ వీడియోని మొదటికి తిప్పి, ఒక్కో పరుగూ ఆపి ఆపి చూశాడు.

"పదకొండుసార్లు చేతులు చాచాడు కోచ్," అన్నాడు చివరికి.