మిగిల్చిన పాపం

“సార్, మనకిచ్చిన నిధుల్లో సగం మిగిల్చాను!” కొత్తగా చేరిన అకౌంటెంటు గర్వంగా ఫైలు బల్ల మీద పెట్టింది.

ప్రభుత్వ ఖర్చుల తగ్గింపు శాఖ డైరెక్టరు గడియారం చూసి తల పట్టుకున్నాడు. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు. నాలుగు దాటింది.

“కొంప ముంచావమ్మా! అయిదులోగా ఖర్చు పెట్టకపోతే వచ్చే ఏడు సగమే ఇస్తారు.”

“మంచిదే కదా సార్? దేశానికి ఆ మేరకు అప్పు తగ్గుతుంది.”

మూలనున్న ముసలి సూపరింటెండెంటు నవ్వాడు. “ఆ అప్పు ఎప్పుడో తెచ్చేశారు తల్లీ. వడ్డీ కూడా కడుతున్నారు.”

“కుర్చీలు కొనెయ్యండి,” అన్నాడు డైరెక్టరు.

“పోయినేడు కొన్నవాటికే ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదండీ,” అన్నాడు సూపరింటెండెంటు.

“అయితే ఓ షీల్డు చేయించండి. ఉత్తమ పొదుపు ఉద్యోగికి బహుమతి. ఈ ఏడు ఈ అమ్మాయికే!”

అకౌంటెంటు ఫైలు తెరిచి, మిగిలిన మొత్తం మరోసారి చూసుకుంది.

“ఒక్క షీల్డుకి ఇదంతా ఎక్కడ ఖర్చవుతుంది సార్?” అంది కలం తీస్తూ. “రాబోయే పాతికేళ్ళకీ కలిపి ఇప్పుడే చేయించేద్దాం. వెండివి. పేర్లు తర్వాత చెక్కించుకోవచ్చు.”

సూపరింటెండెంటు లేచాడు. ఒక కొత్త కుర్చీకున్న ప్లాస్టిక్ కవరు చించి, ఆమె ముందుకు జరిపాడు.

“కూర్చో తల్లీ.”