రోజుకో తప్పు జవాబు

“నాలుగు మూళ్ళు ఎంత?” అని టీచరమ్మ అడిగిందే తడవు, వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

“పదిహేడు,” అంది కొత్తపిల్ల.

నిన్న ఇరవై అంది. మొన్న ఆరు అంది.

టీచరమ్మకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళుగా రెండో తరగతికి పాఠాలు చెబుతోంది. ఎన్ని బుర్రల్లోకో ఎక్కాలు ఎక్కించింది. ఏడాది మధ్యలో ఊడిపడ్డ ఈ పిల్ల దగ్గర మాత్రం ఆమె విద్యలేవీ పనిచేయడం లేదు.

రానిదానివి చెయ్యెందుకు ఎత్తుతావని కడిగిపారేసింది. నీది మట్టిబుర్ర అంది. నువ్వు కూర్చున్న బెంచీకైనా ఈపాటికి ఎక్కం వచ్చేసి ఉంటుందంది. గంట కొట్టేదాకా గోడ పక్కన నిలబడమంది.

పిల్ల తల దించుకుని వెళ్ళి నిలబడింది. ఏడవలేదు. అది చూసి టీచరమ్మకు ఇంకాస్త మండింది.

తిట్టడం అయ్యాక ఆమె మనసు తేలికపడింది. మిగతా పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి అడిగింది. నత్తిగా మాట్లాడే బుడ్డోడు సగంలో ఆగిపోతే, ఫరవాలేదు నాన్నా, నిదానంగా చెప్పమని వీపు తట్టింది.

మూడు నెలలు ఇదే వరస.

చివరికి పిల్ల తండ్రిని పిలిపించింది. ఇళ్ళకు రంగులు వేసే మనిషి. గోళ్ళ సందుల్లో ఇంకా రంగు ఉంది. మీ అమ్మాయిది చదువెక్కే బుర్ర కాదని, పై తరగతికి పంపలేనని టీచరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. అదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

“ఇంట్లో బాగానే చదువుతుందండీ,” అన్నాడతను నెమ్మదిగా.

“ఇంట్లో అందరూ పండితులే,” అంది టీచరమ్మ.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు రోజులు బడికి సెలవులు. తెరిచిన రోజు కొత్తపిల్ల రాలేదు. పీడ విరగడైందనుకుంది టీచరమ్మ.

ఎక్కాలు అడిగింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

బుడ్డోణ్ణి లేపింది. వాడు నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు. ఆమె గొంతు పెద్దదైంది. వాడి నిక్కరు తడిసిపోయింది.

అప్పుడు ముందు బెంచీలోంచి, తరగతిలో అందరికంటే చిన్నది, బుజ్జిది లేచి నిలబడింది.

“టీచర్, వాణ్ణి వదిలెయ్యండి. ఇవాళ నన్ను తిట్టండి.”

“నిన్నెందుకే?”

“మీరు రోజూ మొదట ఒకళ్ళని బాగా తిడతారు. తర్వాత ఎవర్నీ ఏమీ అనరు. కొత్తపిల్లే కనిపెట్టింది. అందుకే ముందుగా చెయ్యెత్తి తప్పు చెప్పేసేది. ఇప్పుడు తను లేదు కదా.”

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. పాతికేళ్ళుగా తన గురించి తనకే తెలియని సంగతి ఏడేళ్ళ పిల్ల ఇట్టే పట్టేసింది. సిగ్గుతో ఆమెకు ప్రాణం చచ్చిపోయింది.

ఎలాగైనా ఆ కాగితం వెనక్కి తీసుకోవాలి. పక్క తరగతి టీచరుకు పిల్లల్ని అప్పగించి, చిరునామా వెతుక్కుంటూ పరుగున వెళ్ళింది.

గదికి తాళం వేసి ఉంది.

వేరే ఊళ్ళో పని దొరికిందని నిన్ననే ఖాళీ చేశారని పక్కింటావిడ చెప్పింది. ఏ ఊరో ఆవిడకీ తెలియదు. పిల్లను ఇక బడికి పంపనని, తనతో పాటు పనికి తీసుకెళ్తానని తండ్రి అన్నాడట.

“చదువు రాదని టీచరే రాసిచ్చిందటగా. అలాంటిదానికి బడెందుకులెండి,” అంది పక్కింటావిడ.

టీచరమ్మ కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చింది. పిల్లలు ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకే చూస్తున్నారు. బుజ్జిదాన్ని దగ్గరికి పిలిచి, మరి కొత్తపిల్లకు ఆ జవాబులన్నీ నిజంగా వచ్చా అని అడిగింది.

బుజ్జిది వింతగా చూసింది.

“మీరు చెప్పేటప్పుడు భయానికి మాకేమీ ఎక్కేది కాదు కదా టీచర్, రోజూ మధ్యాహ్నం మెట్ల కింద కూర్చోబెట్టి మాకన్నీ నేర్పింది తనే.”