గున్నమ్మ ఒప్పుకున్న ఇంగ్లీషు

రేపు పొద్దున్నే కొట్టు ఓపెనింగు. ఇవాళ గోవింద్ తాళం ఇవ్వనంటున్నాడు.

అప్పలసూరికి చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు పెట్టాలని ఎన్నాళ్ల కోరికో. చుట్టాలందరికీ చెప్పేశాడు. స్వీట్లు పురమాయించేశాడు. షట్టరు పైన గోడ మీద భార్య పేరుతో 'ధనలక్ష్మి స్టీల్ షోరూం' అని ఇంతింత లావు ఇంగ్లీషు అక్షరాలు రాయించేశాడు.

గొడవంతా ఆ 'షో' దగ్గర. ఎస్, హెచ్ తర్వాత 'ఓ' ఉండాల్సిన చోట 'ఇ' ఉంది. కాగితం మీద రాసిచ్చింది అప్పలసూరే. పెయింటరు ఉన్నదున్నట్టు దింపేశాడు.

గోవింద్ గరివిడిలో ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. బిల్డింగేమో వాళ్ల మామ్మ గున్నమ్మది.

"మా గోడ మీద తప్పు ఇంగ్లీషేటి మావా? మా స్కూలు పిల్లలు నవ్వరా? సెరిపించు, తాళం ఇస్తాను" అన్నాడు.

చెరిపి, సున్నం కొట్టి, మళ్లీ రాయిస్తే రేపటికి ఆరదు. ముహూర్తం దాటిపోద్ది.

అప్పలసూరి చదువు తొమ్మిదిలో ఆగిపోయింది గానీ ఫోన్లో వెతకడం మాత్రం ఎప్పుడూ ఆగలేదు. వెతికాడు. దొరికింది. దొరికాక గొంతు లేచింది.

"ఒరే గోవిందూ, అది తప్పు కాదురా. పాతది."

పూర్వం తెల్లోళ్లు అలాగే రాసేవారట. రాయడం 'ఇ'తో, పలకడం మాత్రం 'షో' అనే. అర్థం కూడా అదే, చూపించడం. పాత బైబిళ్లలో, కోర్టు కాగితాల్లో ఆ 'ఇ'యే ఉండేదట. రాన్రానూ 'ఓ' వచ్చి దాన్ని పక్కకి తోసేసిందట.

గోవింద్ తన ఫోన్లో కూడా చూసుకున్నాడు. నిజమే. కానీ మాస్టారు కదా, తగ్గలేదు.

"ఇప్పుడెవుడు రాస్తన్నాడు మావా? మీ తాత గోసీ పెట్టుకున్నాడని నువ్వూ గోసీతో కూకుంటావా కొట్లో?"

"కూకుంటాను. నా కొట్టు."

"గోడ మాది."

గోడ గలామెనే అడుగుదామని ఇద్దరూ గోవింద్ బండెక్కి గున్నమ్మ ఇంటికెళ్లారు.

నెత్తిన చేపల బుట్టతో ఊరూరూ తిరిగి ఆ బిల్డింగు లేపిన మనిషి గున్నమ్మ. నోరు తెరిచిందంటే పట్టాల అవతలకి వినపడాలి. పెరట్లో నీళ్లు కాగుతున్న కట్టెల పొయ్యి దగ్గర కూర్చునుంది. మనవణ్ణి చూడగానే గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పలసూరికి అనుమానమొచ్చింది. నవ్వాపుకుంటోంది కాబోలు. అయితే ఊరంతా తెలిసిపోయినట్టే.

అయినా చెప్పాల్సింది చెప్పాడు. "పెద్దమ్మా, పాతదాన్ని తప్పంటే ఎలాగ? కొత్తలో నువ్వు సేపలు వీశెల లెక్కన అమ్మేదానివి. ఇప్పుడు కేజీలు. అంతమాత్రాన వీశె తప్పయిపోద్దా?"

గున్నమ్మ పలకలేదు. మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మామ్మా, ఏటంటావు? తప్పా కాదా?" అన్నాడు గోవింద్.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తప్పు కాదంట" అన్నాడు అప్పలసూరి.

"అయితే ఉంచీమంటావా?"

గున్నమ్మ చెయ్యి విసురుగా విదిల్చింది, పొండి పొండి అన్నట్టు.

"ఇంకేటి? ఎల్లి పని సూసుకోమంటంది."

గోవింద్ ఆవిడ దగ్గరకెళ్లి మొహంలోకి చూడబోయాడు. ఆవిడ గిరుక్కున గోడవైపు తిరిగిపోయింది. బుగ్గల మీంచి నీళ్లు కారిపోతున్నాయి. మామ్మ ఏడవగా చూడ్డం గోవింద్‌కి ఇదే మొదలు. ఇక ఉండలేకపోయాడు. జేబులోంచి తాళం తీసి అప్పలసూరి చేతిలో పెట్టాడు.

"ఆ గోడ మీద ఏటైనా రాసుకో మావా. మా మామ్మని ఏడిపించీసినావు" అని బండెక్కి స్కూలుకి పోయాడు.

అప్పలసూరి మనసు నీరైపోయింది. అక్షరం ముక్క రాని మనిషి, మూలపడిన ఓ ఇంగ్లీషు మాట కోసం కళ్లనీళ్లు పెట్టుకుంది. వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు.

బండి చప్పుడు దూరమయ్యాక గున్నమ్మ కొంగు తీసి, మానేశానని మనవడి నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేసిన అడ్డపొగ చుట్టని, నిప్పున్న కొస లోపలికే పెట్టుకున్నదాన్ని, నోట్లోంచి బయటికి లాగి, "నాలిక కాలిపోనాదిరా సూరీ, ఇప్పుడు సెప్పు, ఏటి గొడవ?" అంది.