ముందు కుడిచెయ్యి

"ముందు కుడిసెయ్యి! సెయ్యి ఇరిగితే కత్తి అదే పడిపోద్ది!"

టీవీ తెర అడుగున అవతలి ఆటగాడి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పరుగెత్తాయి. ఆనంద్‌కుమార్ బటన్ నొక్కాడు. తెర మీద అతని గద శత్రువు మోచేతి మీద పడింది. ఎముక ఫట్‌మంది, కత్తి జారిపోయింది. రెండో దెబ్బకి దవడ, మూడో దెబ్బకి నెత్తి పగిలాయి. కోటగుమ్మం ముందు రక్తం మడుగు కట్టింది.

"అన్నం తినీవేళ ఏటండీ ఈ నెత్తురు?" అంది భార్య అర్చన, కంచం పెడుతూ.

బొబ్బిలి బజారులో ఆనంద్‌ది బెల్లం కొట్టు. మధ్యాహ్నం షట్టరు దించి ఇంటికొస్తే భోజనమైనా మానతాడు గానీ 'హామర్ గేట్' వీడియోగేమ్ మానడు. ఇద్దరు వీరులు కలిసి ఒక కోటగుమ్మాన్ని కాపాడుకోవాలి, అంతే ఆట. దాని మొదటి భాగం చిన్నప్పుడు తాతగారింట్లో చాప మీద కూర్చుని ఆడాడు. పసుపుపచ్చ క్యాసెట్‌లోకి ఉఫ్‌మని ఊది పెట్టెలో దోపడం, పెదనాన్న కొడుకు చంద్రమౌళి భుజానికి భుజం ఆనించి జాయ్‌స్టిక్ పట్టుకోవడం. అప్పట్లో చచ్చినవాడు రెండుసార్లు మిణుక్కుమని మాయమయ్యేవాడు, రక్తమంటే నాలుగు ఎర్రచుక్కలు.

పెట్టె మారినప్పుడల్లా ఆట ముదిరింది. సీడీల్లోకి వచ్చాక రక్తం నేల మీదే మిగిలిపోసాగింది. ఆ తర్వాతి పెట్టెలో చెయ్యి వేరు, కాలు వేరు, దేని దెబ్బ దానిదే. ఇప్పుడీ ఐదో భాగంలో ఎముక విరిగితే చేతిలో జాయ్‌స్టిక్ కూడా వణుకుతుంది. పక్కన మనిషితో పనే లేదు. జతగాణ్ణి ఇంటర్నెట్టే వెతికి పెడుతుంది.

అలా దొరికినవాడే ఈ అవతలివాడు. పేరూ ఊరూ అడగలేదు, ఒకరినొకరు గురూ అనుకుంటారు. ఏ విశాఖపట్నంలోనో ఉంటాడని ఆనంద్ ఊహ. ఇక్కడ కరెంటు పోయి వస్తే వాడూ "మాకూ పోనాది" అనేవాడు. కరెంటు కోతకి ఊళ్లన్నీ ఒకటేలే అని నవ్వుకునేవాడు ఆనంద్. ఆటలో ఎన్నిసార్లో తన వీపు అడ్డం పెట్టి ఆనంద్‌ని బతికించాడు. సొంతవాళ్లలో ఇలాంటివాడు ఒక్కడుంటే ఎంత బాగుణ్ణు అనిపించేది.

సొంతవాళ్ల సంగతి తలచుకుంటేనే ఒళ్లు మండుతోంది. తాత కొట్టు రెండు ముక్కలైంది. బెల్లం ఇటు, చంద్రమౌళి చింతపండు అటు. వెనక గోడౌన్లకి పోయే సందు ఒక్కటే. అది తన వాటాలోదంటూ చంద్రమౌళి రేపు అడ్డంగా గోడ లేపుతున్నాడు. గోడ లేస్తే బస్తా లోపలికి పోదు, ఆనంద్ కొట్టు మూసుకోవాల్సిందే. పెద్దలు చెప్పినా వాడు వినలేదు.

"గురూ, రేపు నాకు నిజం దెబ్బలాట ఉన్నాది," అని టైపు కొట్టాడు ఆనంద్.

"నాకూ ఉన్నాడొకడు, పీక మీద కూకున్నాడు. నీవోడు మాటల్తో అయ్యీవోడేనా?"

"కాడు."

"అయితే ముందు నువ్వే కొట్టు. ఆలోసించినోడే సస్తాడు."

మర్నాడు పొద్దున్నే ఆనంద్ షట్టరు లాగే ఇనపకడ్డీ తీసుకుని బయల్దేరాడు. అర్చన చెయ్యి పట్టుకుంది. "ఆగండి, బావగారితో నేను మాటాడతాను. ఒక్క సాప మీద ఆడుకున్నోలు మీరు!"

అతను విదిలించుకుని పోయాడు. సందులో మొదటి వరస ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఒక్క తన్ను తన్నాడు.

"ఒరే ఆనందూ! ఇంకో ఇటుక ముట్టుకుంటే ఇక్కడే పాతెట్టెస్తాను!" అని అరిచాడు చంద్రమౌళి.

"పాతడానికి నీ తాత..." అనబోయి, తాత ఇద్దరికీ ఒకడేనని గుర్తొచ్చి, తిట్టు మింగేసి కడ్డీ ఎత్తాడు ఆనంద్. చంద్రమౌళి తాపీమేస్త్రి చేతిలో పార లాక్కున్నాడు. ఆ పార నెత్తి మీదకి రాలేదు. సరిగ్గా ఆనంద్ కుడిచేతి మీదకి వచ్చింది. చొక్కా చిరిగి మోచేతి తోలు లేచిపోయింది. వీడికి ఈ కిటుకు ఎవడు నేర్పాడనుకుంటూనే ఆనంద్ చంద్రమౌళి కుడిచేతి మీద కడ్డీ దించాడు.

ఫట్‌మంది. టీవీలో వినే చప్పుడే. పార జారి పడింది. రెండో దెబ్బ భుజం మీద వేశాడు. మూడోది దవడకి ఎత్తాడు గానీ మేస్త్రి వెనక నుంచి గట్టిగా పట్టేసుకున్నాడు. చంద్రమౌళి తడి సిమెంటులో మోకాళ్ల మీద కూలబడి అమ్మా అని కేక పెట్టాడు. సిమెంటు ఎర్రబడింది. కడ్డీ అదురు జాయ్‌స్టిక్ అదురులాగే ఆనంద్ అరచేతిలో ఇంకా తెలుస్తోంది.

చంద్రమౌళిని విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయారు. వర్తకుల పెద్దలు పోలీసుల దాకా పోనివ్వలేదు. గోడ పని ఆగిపోయింది. అర్చన ఏడ్చి ఏడ్చి మాట్లాడ్డం మానేసింది. ఆనంద్‌కి మాత్రం రవ్వంత బాధ లేదు. గెలిచానని ఒక్కడికి చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ ఒక్కడేమో రెండు రోజులుగా ఆటలోకి రాలేదు.

మూడో మధ్యాహ్నం వచ్చాడు.

"గురూ! నీవల్లే గెలిసేను!" సంబరంగా కొట్టాడు ఆనంద్.

అవతలి వీరుడు గుమ్మం ముందు ఊరికే నిలబడ్డాడు. శత్రువులు పొడుస్తున్నా గద ఎత్తలేదు.

"కొట్టు గురూ! ఏటలా సూస్తన్నావు?"

ఒక్కో అక్షరమే కూడుకుంటూ వచ్చింది మాట. "ఇంక ఆడలేను. సెప్పి పోదామనొచ్చేను."

"ఏటైనాది?"

ఈసారి అక్షరాలు ఇంకా నెమ్మదిగా పడ్డాయి.

"మా సిన్నాన్న కొడుకు నా కుడిసెయ్యి ఇరగ్గొట్టీసినాడు."